వాము గింజ నుంచి వాము పువ్వు దాకా: మా ఇంటి బట్టీ డైరీ

జనవరి 18, ఆదివారం

మా జేజి కొంగు ముడిలో ఎప్పుడూ రెండు వస్తువులు ఉండేవి. ఒకటి చిల్లర, రెండోది వేలెడంత గాజు సీసా. కడుపునొప్పి అంటే బత్తాసు మీద ఒక చుక్క, తలనొప్పి అంటే కణతలకు ఒక చుక్క, జలుబు చేస్తే రుమాలు మీద ఒక చుక్క. ఆ మందును ఆమే చేసేది. ఆదోని బజారుకు పోయినప్పుడు వాము పువ్వు, పుదీనా పువ్వు, పచ్చ కర్పూరం తలా ఒక తులం తెచ్చి, తడి లేని సీసాలో వేసి బిరడా పెట్టేది. "పొయ్యి వద్దు, నీళ్ళు వద్దు, దానంతట అదే కరుగుతాది చూడు" అనేది. కరిగేది. అమృతధార అని చాలా ఇళ్ళలో పిలిచే మందు అదే.

ఆ మూడింటిలో వాము పువ్వును ఈసారి కొనకుండా మా ఇంట్లోనే బట్టీ పెట్టి, అంటే ఆవిరితో నూనె దింపి, గింజల నుంచి తీయాలని మొదలుపెట్టాను. కర్నూలు జిల్లా నల్లరేగడిలో వాము బాగా పండుతుంది. మా మామ చేలో ఈ ఏటి పంట ఇప్పుడే నూర్చారు. మూడు కిలోలు తెచ్చుకున్నాను. సంచి విప్పితే గదంతా ఘాటు. కొట్లో ఏడాదిగా డబ్బాలో ఉన్న వాముకూ దీనికీ ముక్కుకే తేడా తెలుస్తోంది.

పేరు విని పొరబడేవాళ్ళున్నారు కాబట్టి ఇక్కడే రాసుకుంటున్నాను. వాము పువ్వు అంటే మొక్కకు పూసే పువ్వు కాదు. వాము నూనెలోంచి గడ్డకట్టి వచ్చే తెల్లటి పలుకులు. రసాయన శాస్త్రంలో దాని పేరు థైమాల్. పుదీనా పువ్వు కూడా అలాంటిదే, పుదీనా నూనె పలుకు, దాని పేరు మెంథాల్. ఇంకో పొరబాటు కూడా ఉంది. పెరట్లో కుండీలో పెంచుకుని బజ్జీలు వేసుకునే దళసరి వామాకు వేరు, ఈ గింజలిచ్చే వాము వేరు. వామాకు తులసి కుటుంబం. గింజల వాము ధనియాలు, జీలకర్ర కుటుంబం. వాసన కలిసింది గానీ చుట్టరికం లేదు.

జనవరి 21, బుధవారం

సామాను కుదిరింది. 5 లీటర్ల పాత అల్యూమినియం కుక్కరు, ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే పావు అంగుళం రాగి గొట్టం మూడు మీటర్లు, ఒక ప్లాస్టిక్ బక్కెట్టు, నూనెనూ నీళ్ళనూ విడదీయడానికి కాలేజీ ల్యాబులకు సామాను అమ్మే కొట్లో కొన్న కుళాయి గాజు గరాటు. కుక్కరు ఇక మళ్ళీ పప్పుకు పనికిరాదని అమ్మతో ముందే చెప్పాను. రబ్బరు ఒక్కసారి వాము నూనె పీల్చిందంటే ఆ వాసన పోదు.

జనవరి 25, ఆదివారం

ఈ రోజంతా గొట్టం చుట్టడంతోనే సరిపోయింది. రాగి గొట్టాన్ని బక్కెట్టులో ఇమిడేట్టు సుడులు చుట్టాలి. బక్కెట్టులో చన్నీళ్ళుంటే గొట్టంలోని ఆవిరి చల్లబడి నూనె, నీళ్ళుగా దిగుతుంది. ఊరికే వంచితే నలిగి మూసుకుపోతుంది. ఒక అడుగు అలాగే పాడైంది, కోసేశాను. మిగతాదాంట్లో సన్న ఉప్పు దట్టించి, రెండు చివరలా కాగితం బిరడాలు కొట్టి, పెద్ద డబ్బా చుట్టూ మెల్లగా తిప్పితే చక్కగా వచ్చింది. లోపల ఉప్పు నిండుగా ఉంటే గొట్టం నలగదు. తరవాత వేడినీళ్ళు పోసి కడిగాను. ఉప్పును ఎన్నుకున్నది అందుకే. ఇసుకైతే ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది, ఉప్పు కరిగిపోతుంది.

కుక్కరు మీద వెయిట్ తీసేసి, ఆవిరి వచ్చే ముక్కుకు గొట్టం తొడిగాను. అతుకు దగ్గర గోధుమపిండి ముద్ద మెత్తాను. కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్ళు దేగ్ అనే రాగి హండాకు మూతను బంకమట్టితో మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని భప్కా అనే పాత్రలోకి దింపుతారు. నాది అదే వరస. పిండి ముద్దతో ఇంకో లాభం ఉంది. లోపల ఎక్కడైనా అడ్డుపడి ఒత్తిడి పెరిగితే ముందు పిండే ఊడుతుంది. కుక్కరు సేఫ్టీ వాల్వు ఎలాగూ ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఎవరైనా చేయాలనుకుంటే ఈ రెండూ తప్పనిసరి. అతుకును వెల్డింగు పెట్టి బిగించవద్దు.

జనవరి 26, సోమవారం

సెలవు. మొదటి బట్టీ.

అర కిలో వాము, రెండు లీటర్ల నీళ్ళు, అన్నీ కలిపి కుక్కర్లో పోసి పొయ్యి మీద పెట్టాను. ఇరవై నిమిషాలకు గొట్టం చివర మొదటి చుక్క. గంటకు గాజు గరాటులో అరలీటరు తెల్లటి నీళ్ళు, పైన సన్నటి నూనె పొర. ఎంతో ఆశగా చూస్తూ కూర్చున్నాను. రెండో గంటలో వాసన మారింది. ఘాటు పోయి మాడు వచ్చింది. ఆపి, చల్లారాక తెరిచి చూస్తే అడుగున గింజలు నల్లగా అంటుకుని ఉన్నాయి.

నూనె మూడున్నర మిల్లీలీటర్లు. అదీ మాడు వాసనతో. మంచి వాములో నూనె నూటికి 2 నుంచి 4 వంతులు ఉంటుంది. అంటే అర కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు రావాలి.

తప్పులు రెండని తేలింది. గింజల్ని దంచలేదు. వాము గింజ మీద గీతలు గీతలుగా గట్లు ఉంటాయి కదా, నూనె ఉండేది ఆ గట్ల మధ్య సన్నటి కాలువల్లో. చిట్లకపోతే అది తేలిగ్గా బయటికి రాదు. రెండోది, గింజలు నేరుగా అడుగుకు తగిలాయి. అమ్మ ఆ మాడు చెక్కును చూసి, "ఇడ్లీని నీళ్ళలో ముంచి ఉడకబెడతామా నాయనా?" అంది. వచ్చేసారి ఇడ్లీలాగే. నీళ్ళు కింద, గింజలు పైన, మధ్యలో చిల్లుల ప్లేటు.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈ రోజు కుదిరింది.

పొద్దున్నే అర కిలో వామును రోట్లో కచ్చాపచ్చాగా దంచాను. మిక్సీలో పిండి చేస్తే వేడికి కొంత వాసన అక్కడే పోతుంది, ఆవిరి కూడా ముద్దలోంచి పైకి రాదు. దంచిన వెంటనే పల్చటి బట్ట పరిచిన చిల్లుల ప్లేటు మీద వదులుగా పోసి, కింద రెండు లీటర్ల నీళ్ళతో సన్న మంట మీద పెట్టాను.

వాము నూనె మరిగే వేడి 200 డిగ్రీలకు అటూ ఇటూ. థైమాల్ ఒక్కటే అయితే 232 డిగ్రీలు. అయినా 100 డిగ్రీల నీటి ఆవిరి దాన్ని మోసుకొస్తుంది. నూనె, నీళ్ళు కలవవు కాబట్టి రెంటి ఆవిరి ఒత్తిళ్ళూ కలిసి పనిచేసి, నీళ్ళు మరిగే వేడికి కాస్త ముందే రెండూ పైకి లేస్తాయి. బట్టీ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తోంది. నేరుగా వేడిచేస్తే మాడిపోయే సుగంధాన్ని ఆవిరి ఎత్తుకొచ్చి సీసాలో దింపుతుంది.

ఈసారి గంటగంటకూ ఆపి నూనెను విడిగా పట్టాను. దిగిన నీళ్ళను పారబోయకుండా మళ్ళీ కుక్కర్లోనే పోశాను. థైమాల్ లీటరు నీళ్ళలో ఒక గ్రాము దాకా కరుగుతుంది. రెండు లీటర్లు పారబోస్తే రెండు గ్రాముల పువ్వు పారబోసినట్టే. ఒక గిన్నెడు నీళ్ళు మాత్రం అమ్మ పక్కకు తీసింది. మందుల కొట్లో దొరికే వాము వాటర్ ఇలాంటిదే. ఆ వాసన పట్టిన నీళ్ళు.

మొదటి గంట నూనె ఆరున్నర మిల్లీలీటర్లు. పల్చగా, దాదాపు రంగు లేకుండా ఉంది. టర్పెంటైన్‌ను తలపించే వాసన. రెండు, మూడు గంటల నూనె కలిపి ఐదున్నర. ఇది చిక్కగా, లేత పసుపుగా ఉంది. మూత తీస్తే ముక్కు అదిరింది. గింజ ఒకటే, సీసాలు రెండు, వాసనలు రెండు. తేలికవి ముందు ఎగురుతాయి, బరువైన థైమాల్ వెనక నడిచొస్తుంది. మొత్తం పన్నెండు. చాలా సంతోషంగా ఉంది.

చిన్న ప్రమాదం కూడా జరిగింది. రెండో సీసా మూత పెడుతుంటే ఒక చుక్క మణికట్టు మీద పడింది. నీళ్ళతో కడిగాను. నీళ్ళకు అది పోదు, ఇంకా పరుచుకుంది. మిరప్పొడి రుద్దినట్టు మంట. అమ్మ కొబ్బరినూనె అద్దిన దూదితో తుడిచాక తగ్గింది. నూనెకు నూనే విరుగుడు, ఆ తరవాతే సబ్బు.

ఫిబ్రవరి 3, మంగళవారం

రెండు సీసాలూ ఆదివారం రాత్రి నుంచి ఫ్రిజ్‌లో ఉన్నాయి. మొదటిది నీళ్ళలాగే ఉంది. రెండోదీ అలాగే ఉండేసరికి దిగులేసింది. పంచదార పాకం గడ్డకట్టాలంటే ఒక పలుకు వేస్తారు కదా, అది గుర్తొచ్చి, మూలికల కొట్లో తెచ్చిన వాము పువ్వు ఒక పలుకు చిమటాతో పట్టి రెండో సీసాలో వేశాను.

పది నిమిషాలు కళ్ళార్పకుండా చూశాను. ముందు ఆ పలుకు చుట్టూ సన్నటి సూదులు మొలిచాయి. సూదులు పలకలయ్యాయి. పలకలు ఒకదానికొకటి అడ్డం పడుతూ సీసా అడుగు దాకా దిగాయి. గాజుకు దీపం దగ్గర పెడితే ఒక్కో పలక అంచు మెరుస్తోంది. దీనికి పువ్వు అని పేరు పెట్టినవాళ్ళు కూడా ఇలాగే సీసా ఎత్తి దీపానికి పెట్టి చూసి ఉంటారు. అమ్మను పిలిచాను. ఆమె చూసి ఏమీ అనలేదు, సీసా చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

మూడో బట్టీ. ఇది జాగ్రత్తగా రాయాలి, ఇంకొకరికి జరగకూడదు.

చల్లదనం ఎంత ఎక్కువైతే నూనె అంత బాగా దిగుతుందనుకుని బక్కెట్టులో ఐసు గడ్డలు వేశాను. మొదటి గంట బాగానే నడిచింది. మూడో గంటలో చుక్కలు ఆగిపోయాయి. పొయ్యి మండుతోంది, కుక్కరు సణుగుతోంది, గొట్టం చివర మాత్రం ఏమీ లేదు. వెంటనే స్టవ్వు కట్టేసి దూరంగా జరిగాం. అంతలో పిండి ముద్ద ఊడి బుస్సుమని ఆవిరి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు.

చల్లారాక గొట్టం విప్పి ఊదితే గాలి పోవడం లేదు. బక్కెట్టులో వేడినీళ్ళు పోస్తే కాసేపటికి చివరి నుంచి నూనె జారింది, దానితోపాటు తెల్లటి నార. థైమాల్ గొట్టంలోనే గడ్డకట్టి అడ్డుపడింది. చివరి గంటలో దిగేదాంట్లో అదే ఎక్కువ, పైగా ఐసు నీళ్ళు. ఫ్రిజ్‌లో నేను కోరుకున్న పనే గొట్టంలో జరిగింది.

ఇక నుంచి మొదటి గంట తరవాత బక్కెట్టులో మామూలు కుళాయి నీళ్ళే. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి. పూర్తిగా వేడెక్కితే కొంత తీసి చన్నీళ్ళు పోయడం. కర్పూరం, పుదీనా, వాము, ఏది బట్టీ పట్టినా ఇదే జాగ్రత్త. ఇవన్నీ గడ్డకట్టే జాతి.

నష్టం పోగా పదకొండు మిల్లీలీటర్లు.

ఫిబ్రవరి 14, శనివారం

రెండో, మూడో బట్టీల్లో చివరి గంటల నూనెలను కలిపి గడ్డకట్టించి, చల్లని గరాటులో వడకట్టి, పలుకుల్ని వడపోత కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టాను. కంపెనీల్లో ఇలా చేయరు. నూనెను కాస్టిక్ సోడా నీళ్ళతో కడుగుతారు. థైమాల్ ఒక ఫినాల్, అంటే కాస్త ఆమ్ల గుణం ఉన్న జాతి, కాబట్టి ఆ క్షారంలో కరిగి విడిపోతుంది, ఆమ్లం కలిపితే మళ్ళీ బయటికొస్తుంది. రాబడి బాగుంటుంది. కానీ ఒంటికి రాసుకునేదాన్ని వంటింట్లో కాస్టిక్ సోడాతో చేయడం నాకు ఇష్టం లేదు.

నగల కాటా మీద పెడితే నాలుగు గ్రాములు. మూడు బట్టీలు, కిలోన్నర వాము, నాలుగు గ్రాముల పువ్వు.

స్వచ్ఛమైనదో కాదో చూశాను. సన్నటి గాజు గొట్టంలో చిటికెడు వేసి, థర్మామీటరుకు కట్టి, గిన్నెడు నీళ్ళలో మెల్లగా వేడిచేశాను. థైమాల్ 49 నుంచి 51 డిగ్రీల మధ్య కరగాలి. నాది 46 దగ్గరే అంచులు తడిసి 48కి పూర్తిగా కరిగింది. ఇంకా కాస్త నూనె అంటుకుని ఉందన్నమాట. మళ్ళీ రెండు రోజులు కాగితాల మధ్య నొక్కి ఉంచాలి.

ఈ నాలుగు గ్రాముల వెనక పెద్ద చరిత్రే ఉంది. యూరపులో థైమ్ అనే మొక్క నుంచి దీన్ని మొదట 1719లో కాస్పర్ న్యూమన్ అనే జర్మన్ తీశాడు. దాని పేరు థైమాల్ అయింది అందుకే. కానీ థైమ్ కంటే మన వాములోనే ఇది ఎంతో ఎక్కువ, నూనెలో 35 నుంచి 60 శాతం దాకా. అందుకే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఓడల కొద్దీ వాము గింజలు మన దేశం నుంచి జర్మనీకి వెళ్ళేవి. అక్కడ థైమాల్ తీసేవారు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయాక ఇక్కడే తీయడం పుంజుకుంది. ఆ రోజుల్లో కొంకిపురుగులకు పెద్ద మందు ఇదే. కడుపులో పురుగులకు వాము మంచిదని జేజి చెప్పిన మాటను ఒకప్పటి డాక్టర్లు గ్రాముల లెక్కన వాడారు. ఆ మోతాదులు మనిషికీ ప్రమాదమే, అందుకే అంతకంటే క్షేమమైన మందులొచ్చాక మానేశారు. ఈ రెండూ నిజమే. రెంటినీ కలిపే చెప్పాలి.

ఈ వాసనల వ్యాపారంలో తెలుగువాళ్ళ చెయ్యి పెద్దది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది కూడా ఆయన చేతుల మీదుగానే. హైదరాబాదులో 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ తెచ్చారు. అందులో యూకలిప్టస్ నూనెదే పెద్ద పాలు, దానికి తోడు కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు. జేజి సీసాలోని మూడూ అందులో ఉన్నాయి. మా ఇంటి వంటకమని నేననుకున్నది ఊరందరి వంటకమే.

ఫిబ్రవరి 17, మంగళవారం

కలిపే రోజు. పలుకులు ఈసారి 49 దగ్గర కరిగాయి.

పుదీనా పువ్వు కొన్నదే. ఉత్తరప్రదేశ్ బారాబంకీ వైపు ఎకరాల కొద్దీ పండించే జపాను పుదీనా నుంచి తీస్తారు. పచ్చ కర్పూరం కూడా కొన్నదే. హారతి కర్పూరం వేయలేదు. అది టర్పెంటైన్ నుంచి తయారయ్యేది, దేవుడి ముందు వెలిగించడానికి. ముందు ఒక కొట్లో పచ్చ కర్పూరమని ఇచ్చింది హారతి బిళ్ళల పొడి అని అనుమానం వచ్చి పక్కన పెట్టేశాను. ఇంకో చోట తెచ్చాను.

మూడూ తలా నాలుగు గ్రాములు, ఎండలో ఆరబెట్టిన గోధుమ రంగు గాజు సీసాలో. ప్లాస్టిక్ వద్దు, మెత్తబడుతుంది. మూత పెట్టి అరచేతిలో తిప్పాను. మొదటి నిమిషంలో పొడి తడిసినట్టు గాజుకు అంటుకుంది. తరవాత పలుకులు తాకిన ప్రతిచోటా చెమ్మ. ఐదారు నిమిషాలకు సగం నీరు, సగం ముక్కలు. పావుగంటకు ఒక్క పలుకు లేదు. స్వచ్ఛమైన కర్పూరం కరగాలంటే 175 డిగ్రీలు దాటాలి, ఇక్కడ అరచేతి వేడే ఎక్కువైంది. గట్టి పలుకులో అణువులు వరసగా పేర్చి ఉంటాయి. మూడు రకాలు కలిస్తే ఒకదాని వరసను ఇంకొకటి చెడగొడుతుంది, గడ్డగా నిలవలేక నీరవుతాయి.

అమ్మ రుమాలు మీద ఒక చుక్క వేసుకుని పీల్చి, "ఇది మీ జేజిదాని కంటే ఘాటుగా ఉంది" అంది. తాజా వాము కదా.

సాయంత్రం పక్కింటి వదిన వచ్చింది. ఏడు నెలల పాపకు జలుబు, ముక్కు దగ్గర ఒక చుక్క రాస్తానంది. ఇవ్వలేదు. ఆమె నొచ్చుకుంది, కూర్చోబెట్టి చెప్పాను. ఈ సీసాలో కర్పూరం నాలుగు గ్రాములుంది. పసిబిడ్డల కడుపులోకి ఒక్క గ్రాము పోయినా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పుదీనా పువ్వు ఘాటు పసివాళ్ళ ముక్కు దగ్గర పెడితే ఊపిరి బిగబడవచ్చు. జేజి కూడా చంటిపిల్లలకు ఈ సీసా తీసేది కాదు. వాము గింజల్ని పెనం మీద వెచ్చచేసి, పల్చటి గుడ్డలో మూట కట్టి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, పక్కకు కొంచెం దూరంగా పెట్టేది. ఆ మూటలోంచి వచ్చేది సన్నటి వాసన. నా సీసాలో ఉన్నది కిలో గింజల ఘాటు. వదిన మూట కట్టించుకుని వెళ్ళింది, పాలు తాగడం తగ్గితే, ఎగశ్వాస కనబడితే డాక్టరు దగ్గరికే పొమ్మన్నాను.

మా వాడకం ఇలా రాసి సీసాకు అంటించాను: లోపలికి వద్దు. ఒంటికి నేరుగా వద్దు, 50 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు ఒక మిల్లీలీటరు కలిపి కీళ్ళకు, నడుముకు. పెద్దవాళ్ళకు జలుబైతే రుమాలు మీద ఒక చుక్క. కంటికి దూరం. పిల్లలకు అందని అటక మీద. బత్తాసు మీద చుక్క నేను తిన్నవాణ్ణే, అయినా మా పిల్లలకు పెట్టను. కడుపునొప్పికి వేయించిన వాము చిటికెడు, ఉప్పు రెండు పలుకులు, గోరువెచ్చటి నీళ్ళు ఉండనే ఉన్నాయి.

ఫిబ్రవరి 22, ఆదివారం

నూనె తీసేసిన వాము పిప్పిని ఎండబోసి మామకు ఇచ్చాను. దాణాలో కొద్దిగా కలిపితే బర్రెలు ఇష్టంగా తిన్నాయట. మొదటి బట్టీలో మాడినదాన్ని గుంతలో వేశాను.

జామాయిల్ ఆకు బట్టీ పట్టమని ఇద్దరు అడిగారు. కాగితం మిల్లుల కోసం మన దగ్గర వేసే జామాయిల్, నీలగిరి కొండల మీద తైలం తీసే చెట్టు, రెండూ యూకలిప్టస్సే గానీ రకాలు వేరు. జామాయిల్ ఆకులో నూనె తక్కువ, వాసన వేరు. దానికంటే ముందు వావిలాకు పట్టాలని ఉంది. బాలింత స్నానానికి మా ఇంట్లో కాచిన ఆకు అది, చెరువు గట్టున కావలసినంత ఉంది. పొద్దున కోసుకొచ్చిన నాలుగు కిలోలు నీడన పరిచాను. ఆకులో నూనె చాలా తక్కువ, మూడు నాలుగు వాయిలు పట్టినా గరాటులో కనిపించేది సన్నటి పొరే. ఐదు మిల్లీలీటర్ల సీసా ఒకటి కడిగి ఎండలో పెట్టాను.